గొంగడి మీద మూడుముక్కలాట

ఆదివారం మధ్యాహ్నం మా తల్లిగారింట్లో పత్తాలాట ఆడతానని చెబితే, మా బళ్లో తోటి టీచర్లు నన్ను అదోలా చూసేవారు. ఆడమనిషి, అందులోనూ ఐదో తరగతికి లెక్కలు చెప్పేది, కన్నతండ్రి ఎదురుగా కూర్చుని మూడుముక్కలాట ఆడుతుందా అని వాళ్ల ఆశ్చర్యం. ఆడుతుంది. ఓడిపోతే అలుగుతుంది కూడా. రూపాయి పెట్టి ఎన్నడూ ఆడలేదు గనుక అందులో దాచుకోవాల్సిందేమీ నాకు కనిపించలేదు. పైగా ఆ ఆట నాకు చేసినంత మేలు నా డిగ్రీ చదువు చేయలేదని ఎక్కడైనా ధైర్యంగా చెబుతాను.

తెలంగాణ వచ్చిన ఏడాదే నాకు రామన్నపేటలో ఒక ప్రైవేటు బళ్లో ఉద్యోగం దొరికింది. అక్కడి నుంచి తల్లిగారి ఊరు ఆటోలో అరగంట. ఆదివారం పొద్దున్నే మా ఆయనకు, పిల్లలకు వండిపెట్టి బయటపడేదాన్ని. మా బాపు, ఆయన తమ్ముడు కలిసి అరవై గొర్రెలను కాసేవారు. ఆ తమ్ముణ్ణి నేను చిన్నాయిన అంటాను. పెళ్లాం పోయినప్పటి నుంచి ఆయన తిండి కూడా మా ఇంట్లోనే. అన్నదమ్ములిద్దరూ తెల్లవారకముందే మందను తోలుకుపోయి, ఎండ ముదిరేసరికి ఇంటి వెనక కొట్టం పక్కన నీడకు తెచ్చేవారు. గొర్రెలు నెమరు వేసుకుంటుంటే నేను, బాపు, అమ్మ, చిన్నాయిన కొట్టంలో నల్ల గొంగడి పరుచుకుని కూర్చునేవాళ్లం.

పందెం చింతగింజలు. నల్ల గొంగడి మీద నల్ల గింజలు కనపడవని అమ్మ వాటిని బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసి రేకు డబ్బాలో పెట్టేది. మనిషికి యాభై గింజలు. అందరికన్నా ముందు గింజలు అయిపోయినవాళ్లు లేచి చాయ్ పెట్టాలి. ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మనిషికి మూడు పత్తాలు పంచుతారు. మూడూ ఒకే రకం వస్తే, అంటే మూడు రాజులో మూడు ఆసులో అయితే, దాన్ని మించింది లేదు. దాని తర్వాత వరుస, ఆ తర్వాత ఒకే రంగు, దాని కింద జత. పత్తాలు ఎత్తి చూడకుండా ఆడితే బ్లైండ్, ఒక గింజ వేస్తే చాలు. చూసి ఆడేవాళ్లు రెండు వేయాలి. కావాలంటే పెంచుకోవచ్చు. నమ్మకం లేకపోతే పత్తాలు పడేసి తప్పుకోవచ్చు. చివరికి ఇద్దరు మిగిలితే షో అడిగి పత్తాలు తిప్పుతారు.

మొదటి ఏడాదంతా చాయ్ నేనే పెట్టాను. లెక్కల టీచర్ని కదా, ఏ పత్తాలు ఎన్నిసార్లు వస్తాయో లెక్క కట్టుకుని మరీ కూర్చునేదాన్ని. లెక్క సరిగ్గానే ఉండేది, గింజలు మాత్రం ఉండేవి కావు. ఒకరోజు ఒళ్లు మండి, "మీ ముగ్గురు సైగలు జేసుకుంటున్నరు" అనేశాను. చిన్నాయిన పడీ పడీ నవ్వాడు. బాపు నవ్వలేదు.

"సైగలు నువ్వే జేస్తున్నవు బిడ్డా. మంచి పత్తాలొస్తే నీ గింజల దిక్కు జూస్తవు, ఎన్ని పెట్టాల్నా అని. పాడు పత్తాలొస్తే మా మొకాలు జూస్తవు, భయపడతరా లేదా అని. గంతే."

అది నిజమని ఆ క్షణంలోనే తెలిసింది. వారమంతా బళ్లో పాఠం చెబుతూ కూడా అదే ఆలోచించాను. మళ్లీ ఆదివారం వెళ్లి, "నాక్కూడ నేర్పు బాపూ, మందిని ఎట్ల సూడాల్నో" అని అడిగాను.

ఆయన నన్ను కొట్టం బయటికి తీసుకుపోయి మందను చూపించాడు. "గీటిల్ల ఒకదానికి బాగలేదు. ఏదో చెప్పు" అన్నాడు. నాకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఆయన ఒక మచ్చల గొర్రెను పట్టుకుని కాలు ఎత్తితే గిట్టల నడుమ ముల్లు దిగి ఉంది. "దాన్నొక్కదాన్నే జూస్తె తెల్వది. అది దినాం ఎట్ల నడుస్తదో ఎరుకుండాలె. అప్పుడే ఇయ్యాల తేడా నడిచిందని తెలుస్తది. మనుషుల పందెం గూడ గంతే. ముందుగాల్ల ఓపిక పట్టి మామూలు జూడు. తేడా దానంతటదే కనపడ్తది."

ఆ రోజు నుంచి నేను పత్తాల కంటే గింజలను ఎక్కువ చూడటం మొదలుపెట్టాను. ఎవరు ఎన్ని వేశారు, ఎంత తొందరగా వేశారు, ఓడిన మరుసటి ఆటలో ఏం చేశారు. చిన్నాయిన ఒక ఆట ఓడిపోతే తర్వాతి ఆటలో తప్పకుండా పెంచేవాడు. చేతిలో ఏమీ లేకపోయినా సరే. అదే ఆయన పెంచకుండా బుద్ధిగా రెండు రెండు వేస్తున్నాడంటే గట్టి పత్తాలు ఉన్నట్టు. పాపం, ఆయన రెండు నెలల్లో నాకు అర్థమైపోయాడు. అమ్మకు ఏడాది పట్టింది. అమ్మ ఆయనలా దొంగపందెం వేసే మనిషి కాదు. మంచి పత్తాలొస్తే మేము పారిపోతామని భయపడి, గింజ చేతిలో పట్టుకుని వేయాలా వద్దా అన్నట్టు ఊగిసలాడేది. ఊగుతోందంటే నేను మర్యాదగా పత్తాలు పడేసేదాన్ని. "నీకెట్ల ఎరుకైతదే!" అని ఆమె కోపగించుకునేది. చెబుతానా!

బాపు మాత్రం కొరకరాని కొయ్య. మొదట రెండు చుట్లు చూడకుండా ఆడి, మూడో చుట్టులో పత్తాలు ఎత్తేవాడు. ఎత్తాక ఒకసారి పెంచేవాడు, ఒకసారి పెంచేవాడు కాదు, ఎందుకో అంతు చిక్కేది కాదు. ఒక్కటే పట్టుకోగలిగాను, అదీ ఆరేళ్లకు. మూడూ ఒకే రకం వచ్చినప్పుడు ఆయన అస్సలు పెంచడు. ఎవరూ బెదిరి లేచిపోకుండా, పొలం గట్టు మీద నడిచినట్టు, రెండు, మళ్లీ రెండు, మళ్లీ రెండు. ఆ పత్తాలు వచ్చేదే అరుదు. ఐదారుసార్లు చూశాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఆ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు. అది నా సొత్తు అనుకుని మురిసిపోయాను.

ఆ తర్వాత బాపు ఆట మారింది. పత్తాలు ఎత్తడమే మానేసి, చివరిదాకా బ్లైండ్‌గానే ఆడేవాడు. షో వచ్చినప్పుడు తన పత్తాలు నా వైపు నెట్టి, "నువ్వే జూసి చెప్పు" అనేవాడు. అదేమిటని అడిగితే, "జూసి ఆడుడు పిల్లగాండ్ల పని. చూడకుండ ఆడాలె, చూడకుండ మాత్రం పడెయ్యొద్దు. చూడకుండ పడేసేటోడు ఆటకే రావద్దు" అని పెద్ద మాటలు చెప్పేవాడు. అట్లా ఆడితే ఎవరైనా ఓడతారు. ఆయనా ఓడసాగాడు. చాయ్ పెట్టడం ఇప్పుడు ఆయన వంతైంది. పాలు పొంగి పొయ్యి మీద పోయేవి, అమ్మ తిట్టేది. నేనేమో ఇంటికి వచ్చి మా ఆయనతో, "ఇవాళ కూడా బాపును ఓడించిన" అని చెప్పుకున్నాను. ఒక వారం కాదు, నెలల తరబడి. ముల్లు గుచ్చుకున్న గొర్రెను గుర్తుపట్టడం నేర్పిన మనిషి నా కళ్ల ముందే తేడాగా నడుస్తుంటే, నేను గింజలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. దీనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఒక ఆదివారం ఎందుకో బాపు పత్తాలు ఎత్తాడు. మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరం జరిపాడు, మళ్లీ దగ్గరికి తెచ్చాడు. తర్వాత రెండు గింజలు వేశాడు. మళ్లీ రెండు. మళ్లీ రెండు. నా చేతిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుస ఉంది. మామూలుగా అయితే వదలను. కానీ ఆ రెండు రెండు చూడగానే అర్థమైంది. మూడూ ఒకే రకం వచ్చాయి ఈయనకు. పత్తాలు పడేశాను. చిన్నాయిన కూడా తప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఒకే రంగు పట్టుకుని ఉంది, షో అడిగింది. బాపు తన పత్తాలను గొంగడి మీద టపటపా వేసి, అప్పుడే గింజల కుప్ప మీదికి చెయ్యి చాచాడు.

"గిదేంది! రెండు గులాములు, ఒక రాజు" అంది అమ్మ.

జాకీని మా వైపు గులాం అంటాం. అంటే ఆయన దగ్గర ఉన్నది ఉత్త జత. చాచిన చెయ్యి కుప్ప మీదే ఆగింది. ఒక్క క్షణం. తర్వాత బాపు గట్టిగా నవ్వి, "ఎట్ల బెదిరిచ్చిన మిమ్ముల!" అన్నాడు. చిన్నాయిన తొడ కొట్టుకుని, "అన్నా, ఏం దొంగపందెం ఏసినవే!" అని మెచ్చుకున్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దొంగపందెం వేసేవాడు బెదిరించడానికి పెంచుతాడు. ఈయన అందరూ ఉండాలని మెల్లగా వేశాడు. నేను బాపును సరిగ్గానే పట్టుకున్నాను. తన చేతిలో మూడు రాజులున్నాయని ఆయన నిజంగా నమ్మాడు. బొమ్మ ఉందని తెలిసింది గానీ ఏ బొమ్మో ఆయనకు తెలియలేదు.

ఆ వారం నాకు పాఠం మీద మనసు నిలవలేదు. తర్వాతి ఆదివారం చిన్నాయిన ఎవరిదో పెళ్లికి పోయాడు. ముగ్గురమే కూర్చున్నాం. నాలుగైదు ఆటలయ్యాక నాకు మూడు ఆసులు వచ్చాయి. జన్మలో మళ్లీ వస్తాయో రావో. వాటిని నా వైపు కాక బాపు వైపు తిప్పి పట్టుకున్నాను. మూర దూరంలో, పట్టపగటి వెలుతురులో. అమ్మ చూసి ఏదో అనబోయింది. కళ్లతోనే వద్దన్నాను. నేను రెండు వేశాను. బాపు నా చేతి వైపే చూస్తూ ఒకటి వేశాడు. నాలుగు వేశాను. ఆయన రెండు వేసి, "ఏందే, గట్టిగున్నవా ఇయ్యాల?" అన్నాడు నవ్వుతూ.

నేను పత్తాలు కింద పెట్టాను. "ఎన్ని దినాల సంది బాపూ?"

"ఏంది?"

"నా పత్తాలు నీ దిక్కే తిప్పి పట్టిన. మూడు ఆసులు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు గొంగడి అంచు వేళ్లతో సరిచేస్తూ కూర్చున్నాడు.

"రెండో ఏడు నడుస్తాంది" అన్నాడు చివరికి. "ఎడమది మొత్తం పోయినట్టే. కుడిదాంట్ల పొగ లెక్క. ఎండకు పోతే అంత తెల్లగయితది."

"మరి గొర్లను ఎట్ల కాస్తున్నవు?"

"నేనెక్కడ కాస్తున్న, గొర్లే నన్ను కాస్తున్నయి. తమ్ముడు ముందల పోతడు, గంట సప్పుడు ఇనుకుంట నేను ఎనక పోత."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకు చెప్పలేదని అరిచాను. చెబితే చిన్నాయిన మందను అమ్మేస్తాడని ఆయన భయం. "మంద పోతే నేనేం జెయ్యాలె? అరుగు మీద కూసొని ఈగలు కొట్టాల్నా?" అన్నాడు. దానికి తోడు మా వాడకట్టులో ఒకాయన ఎక్కడో ఆపరేషన్ చేయించుకుని ఉన్న చూపు పోగొట్టుకుని వచ్చాడు. "నాకు గా దవాఖాన ముచ్చట జెప్పకు. గీ పొగన్న ఉండనియ్యి" అని మొండికేశాడు. అమ్మ ఏడ్చింది, నేను బతిమాలాను, తిట్టాను. ఆయన ఉలకలేదు.

అప్పుడు నా నోటి వెంట ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "అయితే ఆట ఏద్దాం. ఇద్దరం చూడకుండనే. నేను గెలిస్తె రేపే నల్గొండ దవాఖానకు రావాలె. నువ్వు గెలిస్తె నేను మళ్ల అడుగ" అన్నాను.

"కండ్ల ముచ్చట పత్తాల మీద పెడ్తవా? నీకేమన్న పుర్రె తిరిగిందా?" అని అమ్మ నా మీద విరుచుకుపడింది. నిజమే, తిరిగింది. కానీ బాపు తల ఊపాడు. "పంచు" అన్నాడు అమ్మతో.

అమ్మ పంచింది. ఎవరి పత్తాలు వాళ్ల ముందు బోర్లా ఉన్నాయి. ఆయన ఒక గింజ వేశాడు, నేను ఒకటి వేశాను. మళ్లీ ఒకటి, ఒకటి. ఎంత తెలివితక్కువ పని చేశానో అప్పుడు తెలిసింది. బాపు చూడకుండా పడేసే మనిషి కాదు. గింజలు అయిపోయేదాకా ఆడతాడు, చివరికి పత్తాలు తిప్పాల్సిందే, నా బాపు చూపు ఆ మూడు ముక్కల పాలు. నోరు జారిన మాటను ఎట్లా వెనక్కి తీసుకోవాలా అని చూస్తూ రెండు వేశాను. బాపు చెయ్యి తన గింజల మీదికి పోయింది. వాటిని ఎత్తలేదు. వేళ్లతో తడుముతూ అట్లాగే ఉండిపోయాడు.

తర్వాత ఆ చేత్తోనే తన మూడు పత్తాలను, ఎత్తకుండా, చూడకుండా, గొంగడి నడిమికి నెట్టాడు.

"పడేసిన" అన్నాడు.

ఆయన పత్తాలు చూడకుండా పడేయడం నేను ఎన్నడూ చూడలేదు. నన్ను తీసుకుపో బిడ్డా అని నోటితో అడగలేక, భయంగా ఉందని చెప్పలేక, ఆయనకు చేతనైన భాషలో చెప్పాడు. ఆ భాష నాకు నేర్పింది ఆయనే కాబట్టి నాకు అర్థమైంది. ఆయన పత్తాలేమిటో నేను తిప్పి చూడలేదు. కట్టలో కలిపేసి లేచి చాయ్ పెట్టాను.

మర్నాడు చిన్నాయినకు చెబితే ఆయన వాకిట్లో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మంద నేనెందుకు అమ్ముతనే అన్నా? నువ్వు లేకపోతే నాకు గొర్రె మొకం గూడ తెల్వకపోవు" అన్నాడు. బాపు కన్ను బాగయ్యేదాకా రెండు నెలలు అరవై గొర్రెలను ఒక్కడే చూసుకున్నాడు, ఒక్కటి తప్పిపోనివ్వలేదు. ఆయన దొంగపందేలను నేను ఎంత వెక్కిరించినా, ఆ మనిషికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నల్గొండలో డాక్టరమ్మ చూసి, ఎడమ కంట్లో మోతిబిందు, అదే శుక్లం, ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగిందని, ఆ చూపు ఇక రాదని చెప్పింది. కుడి కన్ను కూడా అదే దారిలో ఉందట. ఇంకో నాలుగైదు నెలలు ఆగి ఉంటే అది కూడా దక్కేది కాదట. రెండు గులాములు, ఒక రాజు. అవి ఆ రోజు ఆయనకు రాకుండా ఉంటే, ఆయన వాటిని ఎత్తి చూడకుండా ఉంటే, నేను ఎప్పటికి కళ్లు తెరిచేదాన్నో. ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కుకున్నాను.

కుడి కంటికి ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున కట్టు విప్పారు. బాపు మంచం మీద కూర్చుని ఒక్క కంటితో గోడను చూశాడు, తలుపును చూశాడు, తన అరచేతులను తిప్పి చూసుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "గిట్ల బక్కగైనవేందే?" అన్నాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఆ తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ప్రతి ఆదివారం ఆయనకు మూర దూరంలో కూర్చున్నదాన్నే నేను.

"బిడ్డా" అన్నాడు మెల్లగా, "నీ తల గిట్ల ఎప్పుడు నెరిసింది?"

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "ఇగో, మంచిగ జూడు బాపూ" అని ఆయన ముందు తల వంచాను.